కోటలో విందుకు అంత పెట్టొచ్చా?

*అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ ఇప్పుడు దాదాపు తప్పనిసరి మజిలీ. టిక్కెట్ల ఖర్చుకు అందరూ సిద్ధపడే వెళ్తారు. గుండె గుభేలుమనేది లోపల భోజనం బిల్లు చేతికొచ్చాకే. అంత ధర న్యాయమేనా? ఎక్కడ పెట్టాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి?*

ఫ్లోరిడాలో 1971 అక్టోబరు 1న తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు సిండ్రెల్లా కోటే ముఖచిత్రం. ఎత్తు 189 అడుగులు. రోజూ వేలమంది దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ కోట పై అంతస్తులో 'సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్' అనే రెస్టారెంట్ ఉంది. అక్కడ టేబుల్ దొరికితే పాప మెరుపుల గౌను వేసుకుని కోటలోకి వెళ్లొచ్చు, సిండ్రెల్లాను కలిసి ఫొటో దిగొచ్చు, నిలువెత్తు రంగుటద్దాల కిటికీల పక్కన కూర్చుని భోంచేయొచ్చు.

ఇక లెక్క. పెద్దవాళ్లకు తలకు 80 డాలర్ల పైమాటే. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 50 డాలర్లు అటూ ఇటూ. భార్యాభర్తలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఓ ఆరేళ్ల పాప అనుకుందాం. ఎంత తక్కువ వేసుకున్నా 370 డాలర్లు. దాని మీద ఆరున్నర శాతం పన్ను, 18 శాతం టిప్పు. మొత్తం 460 డాలర్లు. డాలరుకు 85 రూపాయల చొప్పున కట్టినా 39 వేల రూపాయలు.

"ఎంతయిందిరా?" అని తండ్రి అడుగుతాడు. "మీరు తినండి నాన్నా" అంటాడు కొడుకు. ఈలోపే తల్లి ఆ అంకెను మనసులో రూపాయల్లోకి మార్చేసి ఉంటుంది. ఆ డబ్బుతో మన ఊళ్లో ప్లేటు 250 చొప్పున నూటయాభై మందిని బంతుల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టొచ్చు. ఓర్లాండో వెళ్లొచ్చిన ఏ తెలుగింట అడిగినా ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. ఆ తల్లి బాధలో అతి ఏమీ లేదు. కూలి డబ్బులో, జీతం డబ్బులో కూడబెట్టి పిల్లల్ని చదివించిన మనిషికి ఒక పూట భోజనానికి 39 వేలు అంటే గొంతు దిగకపోవడం సహజం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పార్కులో అన్నిటికంటే ఖరీదైన భోజనం ప్రతిసారీ దండగ కాదు. నిజంగా దండగయ్యేది మనం ఖరీదుగా లెక్కవేయని భోజనం. కౌంటరు దగ్గర నిలబడి కొనుక్కుని, చెమట తుడుచుకుంటూ, ఏం తిన్నామో గుర్తు లేకుండా తినేసే బర్గర్లే అసలు బిల్లు. దాని లెక్క తర్వాత చూద్దాం. ముందు ఈ పార్కులకూ భోజనానికీ ఉన్న సంబంధం ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి.

భోజనం కోసం పుట్టిన పార్కు

కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్‌కు కొద్ది మైళ్ల దూరంలో బ్యునా పార్క్ అనే ఊరుంది. 1930ల మాంద్యం రోజుల్లో వాల్టర్ నాట్ అనే రైతు అక్కడ బెర్రీ పళ్లు పండించి రోడ్డు పక్కన అమ్ముకునేవాడు. బాయిసన్‌బెర్రీ అనే పండును మార్కెట్లోకి తెచ్చి, ఆ పేరు పెట్టినవాడు ఆయనే. పళ్ల మీద వచ్చే ఆదాయం చాలక, 1934లో ఆయన భార్య కార్డీలియా ఒక రోజు సాయంత్రం కోడి వేపుడు భోజనం వండి ఎనిమిది మందికి వడ్డించింది. వడ్డించింది తన పెళ్లినాటి పింగాణీ ప్లేట్లలో. భోజనం ధర 65 సెంట్లు.

ఆ వంట రుచి నోటి మాటగా పాకింది. కొన్నేళ్లకే ఆదివారాలు జనం గంటల తరబడి వరసల్లో నిలబడాల్సి వచ్చింది. తన ఇంటి ముందు ఆకలితో నిలబడ్డవాళ్లకు పొద్దుపోవడం ఎలా అని వాల్టర్ నాట్ ఆలోచించాడు. 1940లో పాతకాలపు పడమటి గనుల ఊళ్లను తలపించేలా 'ఘోస్ట్ టౌన్' కట్టడం మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి 'నాట్స్ బెర్రీ ఫామ్' అనే థీమ్ పార్కు అయింది. చుట్టూ కంచె వేసి ప్రవేశానికి టిక్కెట్టు పెట్టింది 1968లో. కోడి వేపుడు హోటలు ఇవాళ్టికీ ఉంది, అదీ టిక్కెట్టు గేటుకు బయట. పార్కులోకి వెళ్లకుండానే తిని రావచ్చు.

ఈ కథ నాకు ఎందుకు ఇష్టమంటే, అక్కడ భోజనం ముందు పుట్టింది, వినోదం తర్వాత వచ్చింది. జనం తిండి కోసం వచ్చారు, బొమ్మల ఊరు వాళ్లకు కాలక్షేపం. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచాక వరస తిరగబడింది. జనం వినోదం కోసం రావడం, లోపల ఆకలేస్తే ఉన్నది తినడం మొదలైంది. గేటు దాటాక వేరే దారి లేని మనిషికి అమ్మే తిండి ధర ఎప్పుడూ రుచి చూసి నిర్ణయం కాదు. మన దగ్గర జాతరలో, రైల్లో, మల్టీప్లెక్సులో జరిగేది ఇదే.

అయినా తిండి విషయంలో జనం మాట నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 1992 ఏప్రిల్లో పారిస్ పక్కన డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు పార్కులో మద్యం పెట్టకూడదని కంపెనీ పట్టుబట్టింది. భోజనంతో పాటు గ్లాసు వైన్ లేకపోతే అది భోజనమే కాదనుకునే దేశం ఫ్రాన్స్. మరుసటి ఏడాదే నిబంధన సడలించక తప్పలేదు. హోటళ్లలో ఉదయం పూట కాఫీ, చిన్న రొట్టెముక్కతో అందరూ సరిపెట్టుకుంటారని తలచి టిఫిన్ హాళ్లు చిన్నవి కట్టారు. తీరా చూస్తే అందరూ కూర్చుని కడుపునిండా తింటామన్నారు. హాళ్లు చాలక జనం బారులు తీరారు. డబ్బు పెట్టేవాడి కడుపు సంగతి తెలుసుకోకుండా హోటలు కడితే ఎంత పెద్ద కంపెనీ అయినా చేతులు కాల్చుకోక తప్పదు.

ఆ డబ్బు దేనికి?

కోటలో పెట్టే వంటకాలను మాత్రమే తూకం వేస్తే 80 డాలర్లు అన్యాయమే. ఓర్లాండో ఊళ్లో అందులో సగానికే అంతకంటే మంచి భోజనం దొరుకుతుంది. అయితే బిల్లులో తిండితో పాటు మరో మూడు కలిసి ఉంటాయి: కూర్చునే చోటు, మనుషులు, కాలం.

చోటు సంగతి చూడండి. వేలమంది తిరిగే పార్కులో చల్లటి గదిలో, కుర్చీలో, గంటసేపు ఎవరూ లేవమనకుండా కూర్చోగలగడం చిన్న విషయం కాదు. జులైలో ఫ్లోరిడా ఎండ విజయవాడ మే నెలంత కాకపోయినా ఉక్కపోత మాత్రం అంతే. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన తరచూ పడుతుంది. అరవై దాటిన మోకాళ్లతో రోజుకు పదేసి వేల అడుగులు నడిచే తల్లికి ఆ కుర్చీ విలువ కొడుకుకు తెలియాలి.

మనుషులంటే వేషధారులు. మిక్కీ మౌస్‌తోనో, రాకుమారితోనో ఫొటో దిగాలంటే పార్కులో వరసలో అరగంట, ముప్పావుగంట నిలబడాలి. పాత్రలు వచ్చే భోజనశాలల్లో ఆ నిరీక్షణ ఉండదు. చాలాచోట్ల వాళ్లే టేబుల్ దగ్గరికి వచ్చి, పాప పేరడిగి, సంతకం పెట్టి వెళ్తారు. మీ పాప నాలుగైదు పాత్రల్ని కలవాలని పట్టుపడితే ఈ భోజనం నిలబడాల్సిన రెండుమూడు గంటల్ని మిగులుస్తుంది.

కాలం అందరూ మరిచిపోయే లెక్క. సిండ్రెల్లా కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు ఒక రోజు టిక్కెట్టు ధర తేదీని బట్టి మారుతుంది. 180 డాలర్లు పెట్టి పన్నెండు గంటలు ఉన్నామనుకుంటే గంటకు 15 డాలర్లు. గంటన్నర భోజనానికి కూర్చుంటే తలకు మరో 22 డాలర్లు కరిగినట్టే. కానీ పార్కులో అన్ని గంటలూ ఒకటి కావు. పొద్దున తలుపు తీసిన మొదటి రెండు గంటలు, రాత్రి బాణసంచా తర్వాతి గంట బంగారం. అప్పుడు వరసలు చిన్నవి. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎండ, రద్దీ రెండూ తారస్థాయిలో ఉంటాయి. ఆ సమయంలో కూర్చుంటే పోయేది ఏమీ లేదు. అదే ఖరీదైన భోజనాన్ని పొద్దున తొమ్మిదింటికి పెట్టుకుంటే మాత్రం రెండు విధాలా నష్టం.

పడవలో వెళ్లేవాళ్లు, పక్కన తినేవాళ్లు

పార్కు రెస్టారెంట్ ఎలా ఉండాలో చూపించిన చోటు ఒకటుంది. అది కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లోని 'బ్లూ బేయూ'. 1967లో 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' పడవ విహారంతో పాటే దాన్నీ తెరిచారు, అదీ ఆ విహారం లోపలే. బయట మిట్టమధ్యాహ్నం. లోపలికి అడుగుపెడితే ఎప్పుడూ రాత్రే. లూసియానా చిత్తడి నేలల మీద పొద్దుగూకాక ఉండే నీలం చీకటి, రంగు కాగితపు లాంతర్లు, చెట్ల కింద మిణుగురుల మెరుపులు, కీచురాళ్ల శబ్దం. టేబుల్ పక్కనుంచే నీటి మీద పడవలు మెల్లగా కదిలిపోతుంటాయి. వాటిలో కూర్చున్నవాళ్లు తినేవాళ్లను చూస్తారు, తినేవాళ్లు వాళ్లను చూస్తారు. పడవలో ఉన్న పిల్లాడి కంటికి ఒడ్డున భోంచేస్తున్న మీరు కూడా ఆ కథలో భాగమే.

అక్కడ చాలా వంటకాలు 40 డాలర్ల పైమాటే. వంట గొప్పదని ఎవరూ ఒట్టేసి చెప్పరు. కానీ అర్ధశతాబ్దం దాటినా ఆ టేబుళ్లకు గిరాకీ తగ్గలేదంటే, జనం అక్కడ కొంటున్నది ఇంకెక్కడా దొరకని ఒక రాత్రిని. అన్ని పార్కు రెస్టారెంట్లకూ నేను పెట్టే పరీక్ష ఇదే: మీరు తింటున్న చోటు ఇంకెక్కడైనా దొరుకుతుందా? తినకుండానే దాన్ని చూడొచ్చా?

ఈ పరీక్ష పెడితే కొన్ని పెద్ద పేర్లు నిలబడవు. డిస్నీ వరల్డ్‌లోని మరో పార్కు ఎప్‌కాట్‌లో ఉన్న 'కోరల్ రీఫ్' రెస్టారెంట్ గోడ ఒక అక్వేరియం. అందులో 57 లక్షల గ్యాలన్ల నీరు, అంటే రెండు కోట్ల లీటర్ల పైన. సొరచేపలు, తాబేళ్లు పక్కనుంచి ఈదుకుంటూ పోతుంటాయి. అద్భుతమే. కానీ అదే అక్వేరియాన్ని పక్క భవనంలో పార్కు టిక్కెట్టు మీదే, నచ్చినంతసేపు చూడొచ్చు. కాబట్టి ఆ కిటికీ కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టొద్దని నా సలహా.

'స్పేస్ 220' విషయం వేరు. 2021లో ఎప్‌కాట్‌లో తెరిచిన ఈ రెస్టారెంట్‌లోకి లిఫ్టులాంటి గదిలో వెళ్తారు. నేల కిందికి దిగిపోతున్నట్టు, భూమికి 220 మైళ్ల ఎత్తున ఉన్న అంతరిక్ష కేంద్రానికి చేరినట్టు తెరల మీద చూపిస్తారు. లోపల కిటికీల్లాంటి పెద్ద తెరల్లో భూగోళం, పక్కన తేలుతున్న వ్యోమగాములు. ఇది బయటి నుంచి కనిపించదు. అయితే భోజనశాలలో నిర్ణీత ధరకు వరస వంటకాలు కొనాలి. పక్కనే ఉన్న లాంజ్‌లో కావలసిందే కొనుక్కోవచ్చు, కనిపించే ఆకాశం అదే. ఈ సంగతి తెలియక ఎంతోమంది రెట్టింపు కడుతున్నారు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2012లో వచ్చిన 'బీ అవర్ గెస్ట్' అందమైన చోటు. 'బ్యూటీ అండ్ ద బీస్ట్'లోని నాట్యమందిరాన్ని కట్టి, కిటికీల బయట మంచు కురిపించారు. ఆ పార్కులో మొట్టమొదట వైన్, బీరు పోసింది కూడా ఇక్కడే. ఇప్పుడు మూడు వంటకాల భోజనానికి తలకు 70 డాలర్లు దాటుతుంది. హాలు పెద్దది, రొద ఎక్కువ. సినిమా మనసులో ముద్రపడిన పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు.

ఇక హాలీవుడ్ స్టూడియోస్ పార్కులోని 'ఫిఫ్టీస్ ప్రైమ్ టైమ్ కెఫె' నాకు మిగతా అన్నిటికన్నా మనదనిపిస్తుంది. 1950ల నాటి అమెరికా వంటగది అలంకరణ, పాత టీవీలు. వడ్డించేవాళ్లు ఇంట్లో పెద్దమ్మలా, పిన్నిలా మాట్లాడతారు. మోచేతులు టేబుల్ మీద పెడితే తీయమంటారు. కూరగాయలు వదిలేస్తే ఊరుకోరు, తినేదాకా నిలబడతారు. "కంచంలో వదలకూడదు" అని చెప్పి పెంచిన మన అమ్మలు భాష రాకపోయినా ఆ మందలింపును వెంటనే పట్టేస్తారు. ధర కోటలో కట్టేదానికి సగం కూడా ఉండదు. శాకాహారులకు ఎంపిక మాత్రం తక్కువ. ఆ పక్కనే 'సై-ఫై డైన్-ఇన్'లో కార్ల ఆకారపు టేబుళ్లలో కూర్చుని పాత గ్రహాంతరవాసుల సినిమా ముక్కలు చూస్తూ తింటారు. అందరూ ఒకే దిక్కుకు, తెరవైపు తిరిగి కూర్చోవాలి కనుక కుటుంబమంతా మాట్లాడుకోవడానికి అనువు కాదు.

రుచికి రుచి, ధరకు ధర అనదగ్గవీ లేకపోలేదు. డిస్నీ వరల్డ్ హోటల్ గ్రాండ్ ఫ్లోరిడియన్‌లోని 'విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్' 2024లో మంచి రెస్టారెంట్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్ సంపాదించింది. పదేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. తలకు వందల డాలర్లలో ఉంటుంది. జర్మనీలోని యూరోపా-పార్క్ హోటల్లో 'అమ్మొలైట్' రెస్టారెంట్‌కు ఏకంగా రెండు స్టార్లున్నాయి. వంట ఒక కళగా చూసేవాళ్ల చోట్లు ఇవి, బొమ్మల కోసం వెళ్లే కుటుంబానికి పనికిరావు.

చిల్లరగా పోయేదే ఎక్కువ

ఇప్పుడు నేను వాయిదా వేసిన లెక్క. పార్కులో కౌంటరు దగ్గర బర్గరు, వేపిన బంగాళాదుంప ముక్కలు, ఒక కూల్‌డ్రింకు కలిపి తలకు 20 డాలర్లు వేసుకోండి. నలుగురు పెద్దవాళ్లు, రోజుకు రెండు పూటలు, మూడు రోజులు. ఇరవై నాలుగు భోజనాలు, 480 డాలర్లు. కోటలో ఐదుగురు తిన్నదానికంటే ఎక్కువ!

కోట బిల్లు చూసి ఉలిక్కిపడే మనమే, ఈ 480 డాలర్లను ఎక్కడా లెక్క రాయం. ఇరవై చొప్పున పోతుంది కనుక నొప్పి తెలియదు. ఆ ఇరవై నాలుగు భోజనాల్లో ఒక్కటీ ఊరికి వెళ్లాక చెప్పుకునేది కాదు. ఆ తిండి మన పెద్దవాళ్లకు సయించదు కూడా. సగం తిని పక్కన పెడతారు, సాయంత్రానికి నీరసపడతారు.

డిస్నీ వరల్డ్‌లో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. బయటి నుంచి భోజనం తెచ్చుకోవచ్చు. గాజు సీసాలు, విడిగా పోసిన ఐసుముక్కలు, మద్యం వంటివి తేకూడదంతే. మన దగ్గర చాలా పార్కుల గేటు దగ్గర టిఫిన్ డబ్బా లాక్కునే అనుభవం ఉన్నవాళ్లు అక్కడా అంతే అనుకుని ఖాళీ చేతులతో వెళ్తారు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం పట్టుకెళ్లండి. కూల్‌డ్రింకులు పోసే కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు, సీసా కొనక్కర్లేదు. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కుల్లో మాత్రం ఈ వెసులుబాటు లేదు, చిరుతిండి తప్ప పూర్తి భోజనం తేనివ్వరు.

పులిహోరతో మిగిల్చిన ఆ డబ్బును ఒకే పూటకు, ఒకే చోట పెట్టడం నా దృష్టిలో సరైన పద్ధతి. ఇరవై నాలుగు చోట్ల చెల్లాచెదురుగా పోయేదాన్ని ఒకచోటికి చేర్చితే కుటుంబమంతా ఒక టేబుల్ చుట్టూ గంటన్నర కూర్చుంటుంది. మూడు రోజుల హడావుడిలో మనవరాలు, నానమ్మ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే గంటన్నర అదొక్కటే కావచ్చు.

తన హోటళ్లలో దిగినవాళ్లకు డిస్నీ భోజనాలకు ముందే డబ్బు కట్టే 'డైనింగ్ ప్లాన్' అమ్ముతుంది. కరోనా కాలంలో ఆపేసి, 2024 జనవరిలో మళ్లీ తెచ్చింది. ముందే కట్టేశాం కదా అని ఆకలి లేకపోయినా తినే అలవాటు చేస్తుంది అది. మితంగా తినే పెద్దవాళ్లున్న కుటుంబానికి వద్దు.

శాకాహారికీ మాంసం ధరేనా?

ఈ రెస్టారెంట్ల మీద నాకు నిజంగా కోపం వచ్చే విషయం నిర్ణీత ధర. కోటలో గొడ్డు మాంసం స్టేక్ తిన్నవాడికీ, కూరగాయల వంటకం తిన్నవాడికీ ఒకే 80 డాలర్లు. పదో ఏడు నిండిన పిల్లాడికీ, అర చపాతీతో లేచిపోయే డెబ్బై ఏళ్ల తాతకూ ఒకే 80 డాలర్లు. మూడేళ్లలోపు పసివాళ్లకు ఉచితం, తొమ్మిదేళ్ల దాకా తక్కువ ధర ఉన్నప్పుడు, ముసలివాళ్లకు అలాంటిదేదీ ఎందుకు లేదు? తరాలన్నీ కలిసి ప్రయాణం చేసే మన కుటుంబాల మీద ఈ పద్ధతి బరువు ఎక్కువ పడుతుంది. శాకాహారులకు తగ్గించిన ధర ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. టేబుల్ బుక్ చేసిన ప్రతి తెలుగు కుటుంబం వెళ్లొచ్చాక అభిప్రాయం రాసేటప్పుడు ఈ ఒక్క మాట తప్పక రాయాలి.

వంట విషయంలో మాత్రం పరిస్థితి బాగుపడింది. 2019 అక్టోబరు నుంచి డిస్నీ వరల్డ్ రెస్టారెంట్ల మెనూల్లో మాంసం, గుడ్డు, పాలు లేని వంటకాలను ఆకు గుర్తుతో చూపిస్తున్నారు. ఆహార నియమాలున్నాయని బుకింగ్‌లోనే రాస్తే, టేబుల్ దగ్గర మళ్లీ చెబితే శ్రద్ధగా వింటారు. గొడ్డు మాంసం తినని ఇళ్లవాళ్లు సూపు, సాసు దేనితో చేశారో అడగాలి. కూరగాయల వంటకమని పేరున్నా అందులో మాంసపు రసం ఉండొచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు, అక్కడ అది రోజూ వినే ప్రశ్న.

ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలున్నాయి. మెక్సికో నుంచి కెనడా దాకా ఒక్కో దేశం తిండి దొరుకుతుంది. భారతదేశానికి చోటు లేదు. ఇంతమంది భారతీయులు డబ్బు పెట్టి తిరిగే పార్కులో ఇది లోటే. అయితే మన రుచికి దగ్గరైన భోజనం డిస్నీలోనే ఉంది, పార్కు గేటుకు బయట.

జిరాఫీలు, నాన్‌లు, తొమ్మిది పచ్చళ్లు

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్‌కు కిడానీ విలేజ్ అనే భాగం ఉంది. అందులో 2009లో తెరిచిన రెస్టారెంట్ పేరు 'సనా'. ఆఫ్రికా తూర్పు తీరానికి వలసవెళ్లిన భారతీయుల వంట ప్రభావం కనిపించే మెనూ. పార్కు టిక్కెట్టు అక్కర్లేదు, బుకింగ్ చూపిస్తే లోపలికి పంపుతారు.

అక్కడ అందరూ అడిగేది రొట్టెల పళ్లెం. నాన్‌లు, కుల్చా, పనీర్ పరాఠా లాంటి రొట్టెలు వేడివేడిగా వస్తాయి. పక్కనే చిన్న గిన్నెల్లో తొమ్మిది రకాలు: పెరుగు రైతా, మామిడి చట్నీ, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి, మిరప సాంబాల్, ఇంకా మరికొన్ని. ధర 20 డాలర్లు దాటుతుంది కానీ నలుగురు పంచుకోవచ్చు. వెల్లుల్లి పచ్చడి నాలుక మీద పెట్టగానే, వారం రోజులుగా చీజు, బ్రెడ్డుతో నెట్టుకొస్తున్న తాత ముఖం వికసిస్తుంది. మన ఆవకాయంత ఘాటు ఆశించొద్దు. అయినా అలసిపోయిన నాలుకకు అది చుట్టం పలకరింపే.

కిటికీ బయట గడ్డిమైదానం. జిరాఫీలు మెడలు చాచి కొమ్మలు మేస్తుంటాయి. జీబ్రాలు తోకలాడిస్తుంటాయి. బారెడు కొమ్ముల ఆంకోలే ఆవులు మందగా నడుస్తుంటే, ఊళ్లో పశువులను పెంచిన తండ్రి కళ్లు జిరాఫీలను వదిలేసి ఆ కొమ్ముల మీదే నిలుస్తాయి. "ఇవి పాలెన్నిస్తాయి?" అని అడుగుతాడు. కొడుక్కి తెలియదు. తండ్రి ఒంగోలు గిత్తల గురించి మొదలుపెడతాడు, అమెరికాలో పుట్టిన మనవడు మొదటిసారి ఆ మాటలు వింటాడు.

ఈ భోజనానికి ఆ కుటుంబానికయ్యే ఖర్చు కోట బిల్లులో సగం లోపే. నేను చెప్పిన పరీక్షలో ఇది అన్ని విధాలా నెగ్గుతుంది. చోటు ఇంకెక్కడా దొరకదు, తిండి పెద్దవాళ్లకు పడుతుంది, ధర తినేదాన్ని బట్టి ఉంటుంది. కోటకు నేను వ్యతిరేకిని కాను. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య పాప ఉండి, సిండ్రెల్లా అంటే ప్రాణం పెట్టేదైతే, ఒక్కసారి ఆ 460 డాలర్లు పెట్టండి. ఆ వయసు దాటాక కోట ఉంటుంది కానీ అది నిజమని నమ్మే పాప ఉండదు. పాత్రలను చూస్తే భయపడి ఏడ్చే పసిపిల్లలుంటే మాత్రం ఒకటిరెండేళ్లు ఆగండి. పెద్దవాళ్లే వెళ్తుంటే కోట అనవసరం, సనాకే వెళ్లండి.

టేబుళ్లు 60 రోజుల ముందు, అక్కడ పొద్దున ఆరింటి ప్రాంతంలో తెరుస్తారు. మన గడియారంలో అది వేసవిలో మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లూ బుక్ చేయొచ్చు. చెప్పకుండా మానేస్తే తలకు 10 డాలర్లు పట్టుకుంటారు కనుక, ప్రణాళిక మారితే ముందే రద్దు చేయండి. ఆరుగురు, అంతకు మించి ఉంటే 18 శాతం టిప్పు బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకుండా రెండోసారి ఇవ్వొద్దు. సనాకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. చీకటి పడితే జంతువులు సరిగా కనిపించవు. డిసెంబరులో ఓర్లాండోలో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, కాబట్టి చలికాలంలో మధ్యాహ్న భోజనానికే టేబుల్ తీసుకోండి.